మొదటివాడు: ఆ మాట రాసిన చెయ్యి ఎవరిది?

కిందటి వారం వాషింగ్టన్‌ని మౌంట్ వెర్నాన్ వాకిట్లో దింపి ఆగాం. రెండుసార్లు అధ్యక్షుడిగా చేసి, మూడోసారి వద్దనుకుని, 1797 మార్చిలో పదవిని జాన్ ఆడమ్స్‌కి అప్పజెప్పి, పొటోమాక్ నది గట్టున ఉన్న సొంత పొలాలకి ఆయన తిరిగొచ్చాడు. ఆ ఇంట్లో ఆయనకి మిగిలిన కాలం మూడేళ్లు కూడా లేదు. ఈ వారం ఆయన ఆఖరి రోజుల గురించీ, ఆ చావు కబురు వెంటే పుట్టిన ఒక వాక్యం గురించీ చెప్పుకుందాం.

యుద్ధంలో మొదటివాడు, శాంతిలో మొదటివాడు, తన దేశవాసుల గుండెల్లో మొదటివాడు. అమెరికాలో తరతరాల బడిపిల్లలు కంఠతా పట్టిన వాక్యం ఇది. ఇంతమంది నోళ్లలో నలిగిన ఈ మాట ఎవరిదంటే కొందరు జాన్ మార్షల్ అంటారు, కొందరు హెన్రీ లీ అంటారు. రెండు పేర్లూ వినబడడానికి కారణం ఉంది. అది తెలియాలంటే ముందు మనం మంచు కురుస్తున్న ఆ డిసెంబరులోకి వెళ్లాలి.

1799 డిసెంబరు 12, గురువారం. పొద్దున పది గంటల వేళ వాషింగ్టన్ గుర్రమెక్కి పొలాలు చూడడానికి బయల్దేరాడు. వయసు 67. దారిలో మంచు మొదలైంది, తరువాత వడగళ్లు, ఆ పైన చలివాన. మూడు దాటాక ఇంటికొచ్చేసరికి జుట్టుకి మంచు అంటుకుని ఉంది, మెడ దగ్గర తడిసి ఉంది. అప్పటికే భోజనం వేళ దాటిందని ఆ తడి బట్టలతోనే కూర్చుని తిన్నాడు. మర్నాడు గొంతు పట్టేసింది. అయినా సాయంత్రం పూట బయటికి వెళ్లి, ఇంటికీ నదికీ మధ్య కొట్టించాల్సిన చెట్లకి గుర్తులు పెట్టి వచ్చాడు. రాత్రి పత్రికలు చదువుతూ కూర్చున్నాడు. మందేమైనా తీసుకోమని కార్యదర్శి టోబియాస్ లియర్ చెబితే, జలుబుకి మందు తినే అలవాటు తనకి లేదని, వచ్చినట్టే పోతుందని అన్నాడు.

అది పోలేదు. తెల్లవారుజామున రెండు మూడు గంటల మధ్య ఊపిరి అందక లేచాడు. ఇంట్లో చలిగా ఉంది, లేస్తే నీకూ జలుబు చేస్తుందని భార్య మార్తాని మంచం దిగనివ్వలేదు. తెల్లారి పనిమనిషి వచ్చి నెగడు రాజేసేదాకా అలాగే ఉన్నారు ఇద్దరూ. వైద్యులు రాకముందే పొలం మేస్త్రీ రాలిన్స్ చేత రక్తం తీయించుకున్నాడు. అతని చెయ్యి వణుకుతుంటే భయపడొద్దని ఈయనే ధైర్యం చెప్పాడు. తరువాత ముగ్గురు వైద్యులు వచ్చారు: చిరకాల మిత్రుడు జేమ్స్ క్రెయిక్, గస్టావస్ బ్రౌన్, అందరిలోకీ చిన్నవాడైన ఎలీషా డిక్. ఆ కాలపు వైద్యం రక్తం తీయడం. ఆ ఒక్క రోజులో నాలుగుసార్లు తీశారు, మొత్తం రెండు లీటర్ల పైమాటే. ఒంట్లో ఉండే రక్తంలో అది మూడో వంతుకి మించి ఉంటుంది. గొంతు కింద శ్వాసనాళానికి రంధ్రం చేస్తే గాలి ఆడుతుందని డిక్ సూచించాడు. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. నాలుక మొదలు వెనక ఉండే మూత వాచి ఊపిరి ఆగిపోయిందని ఈనాటి వైద్యుల్లో ఎక్కువమంది అభిప్రాయం. డిక్ మాట విని ఉంటే ఏమయ్యేదో అని చదివిన ప్రతిసారీ మనసు పీకుతుంది.

ఆ గదిలో ఇంకొక మనిషి ఉన్నాడు, క్రిస్టఫర్ షీల్స్. వాషింగ్టన్‌కి బట్టలు అందించే బానిస, పాతికేళ్లు నిండాయో లేదో. పొద్దుటి నుంచీ మంచం పక్కన నిలబడే ఉన్నాడు. మధ్యాహ్నం దాటాక వాషింగ్టన్ అది గమనించి, కూర్చోమని సైగ చేశాడు. లియర్ రాసిపెట్టిన వివరాల్లో నాకు మరపురానిది ఇదే. మాట పెగలని స్థితిలో కూడా ఎదుటివాడి కాళ్ల నొప్పి ఆయన కంటికి ఆనింది. అదే క్రిస్టఫర్ మూడు నెలల కిందట, సెప్టెంబరులో, భార్యతో కలిసి ఆ ఇంటి నుంచి పారిపోవాలని ప్రయత్నించి దొరికిపోయాడు. ఈ రెండూ ఒకే మనిషి గురించిన నిజాలు, ఒకే ఇంట్లో జరిగినవి. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

డిసెంబరు 14, శనివారం రాత్రి పదికీ పదకొండుకీ మధ్య వాషింగ్టన్ కన్నుమూశాడు. ప్రాణం పోయాక మూడు రోజులలోపు తనని సమాధి గదిలో పెట్టవద్దని లియర్ దగ్గర మాట తీసుకున్నాడు. బతికుండగానే పూడ్చిపెడతారేమో అనే భయం ఆ రోజుల్లో చాలామందికి ఉండేది. 18వ తేదీ బుధవారం మౌంట్ వెర్నాన్‌లోనే, ఇంటివాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు, పక్క ఊరు అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన సైనికుల మధ్య అంత్యక్రియలు జరిగాయి. దేశ రాజధాని నుంచి ఒక్కరు రాలేదు. రావడానికి వాళ్లకి ఇంకా కబురే తెలియదు.

*

అప్పటికి రాజధాని ఫిలడెల్ఫియా. మౌంట్ వెర్నాన్ నుంచి అక్కడికి సుమారు 150 మైళ్లు. గుర్రపు బండ్లే తపాలా, గుర్రపు బండ్లే ప్రయాణం. చలికాలపు బురద దారిలో ఆ కబురు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. ఇక్కడ మౌంట్ వెర్నాన్‌లో శవపేటికని సమాధి గదిలోకి దించుతున్న రోజునే అక్కడ రాజధానిలో మొదటిసారి ఆ వార్త వినబడింది.

ఎలా వినబడిందో మార్షల్ చాలా ఏళ్ల తరువాత, 1832లో ఒక ఉత్తరంలో చెప్పాడు. ఫిలడెల్ఫియా వీధిలో వెళుతున్న బండిలోంచి ఒక ప్రయాణికుడు, రోడ్డు మీద కనబడ్డ స్నేహితుడికి ఆ మాట చెప్పాడట. అంతే. అధికార లేఖ లేదు, ముద్ర వేసిన కాగితం లేదు. నోటి మాట వీధి దాటి కాంగ్రెస్ భవనంలోకి పాకింది. ప్రతినిధుల సభలో ఉన్నవాళ్లు మార్షల్ వైపు తిరిగారు. వర్జీనియా మనిషి, వాషింగ్టన్‌కి బాగా కావలసినవాడు. లేచి రెండు ముక్కలు చెప్పి, సభ వాయిదా వేయమని కోరమన్నారు. ఆయన లేచాడు. ఇంకా రూఢి కాని కబురే అయినా కొట్టిపారేయలేమంటూ గద్గద స్వరంతో వాయిదా కోరాడు. సభ వాయిదా పడింది.

ఆ సమయానికి హెన్రీ లీ సభలో లేడు.

ఈ లీ ఎవరో కొంచెం వివరంగా చెప్పాలి. 1756లో వర్జీనియాలో కలిగిన ఇంట పుట్టాడు. ప్రిన్స్‌టన్‌లో చదువుకున్నాడు. స్వాతంత్ర్య యుద్ధం రాగానే ఆశ్విక దళంలో చేరి, తేలికపాటి గుర్రాల దళంతో మెరుపులా వచ్చి కొట్టి మాయమైపోయే పోరాటంలో ఆరితేరాడు. ‘లైట్ హార్స్ హ్యారీ’ అన్న పేరు అలా వచ్చింది. తన పక్కన సహాయాధికారిగా ఉండమని వాషింగ్టన్ పిలిస్తే, నాకు గుర్రం మీదే బాగుంటుందని సవినయంగా కాదన్నాడు. 1779 ఆగస్టులో న్యూయార్క్ ఎదురుగా ఉన్న పౌలస్ హుక్ కోట మీద రాత్రివేళ దాడి చేసి వందమందికి పైగా బందీలతో తిరిగొచ్చాడు. దానికి కాంగ్రెస్ బంగారు పతకం ఇచ్చింది. ఆ యుద్ధంలో జనరల్ హోదా లేకుండా ఆ పతకం అందుకున్న సైనికాధికారి ఆయనొక్కడే. తరువాత వర్జీనియా గవర్నర్ అయ్యాడు. 1794లో విస్కీ పన్ను మీద పెన్సిల్వేనియా రైతులు తిరగబడితే, వాషింగ్టన్ పంపిన సుమారు 13 వేల సైన్యానికి నాయకత్వం వహించాడు. 1799లో కాంగ్రెస్‌కి పోటీ చేయమని మార్షల్‌నీ లీనీ ఇద్దరినీ ఒప్పించింది వాషింగ్టనే. ఇద్దరూ గెలిచారు. ఇద్దరూ ఆ డిసెంబరులోనే మొదటిసారి ఆ సభలో కూర్చున్నారు. అంటే ఆయన పంపిన ఇద్దరే ఆయన చావు కబురు దేశానికి చెప్పవలసి వచ్చింది.

ఇక ఆ సాయంత్రం మాట. బండి వచ్చిందో లేదో లీకి కబురు తెలిసింది. సభకి వెళ్లలేదు. నేరుగా తన బసకి వెళ్లి, గదిలో కూర్చుని తీర్మానాలు రాయడం మొదలుపెట్టాడు, తానే సభలో ప్రవేశపెడదామన్న ఉద్దేశంతో. రాయడం పూర్తయ్యేసరికి సభలో మార్షల్ లేచాడని, వాయిదా కోరింది ఆయనేనని తెలిసింది. మొదట నోరు విప్పినవాడే మర్నాడు తీర్మానాలు కూడా పెట్టాలని అందరూ ఎదురుచూస్తారు, అది సభా మర్యాద. లీ ఆ కాగితాలు పట్టుకుని మార్షల్ దగ్గరికి వెళ్లాడు. ఇప్పుడు ఇవి నేను పెట్టడం బాగుండదు, మీరు తీసుకోండి అన్నాడు. మార్షల్ అప్పటికి ఏమీ రాసుకోలేదు. చదివి చూశాడు, నచ్చాయి. రేపు నేను ప్రవేశపెడతానన్నాడు.

ఇంతే జరిగింది. రాసినవాడు ఒకరు, చదివినవాడు ఒకరు. ఒకే గదిలో ఇద్దరు మిత్రులు, మధ్యలో ఒక కాగితం. నాది అన్న పట్టుదల ఆ గదిలో ఎవరికీ లేదు. మన గోల మనది అనుకునే రాజకీయాల మధ్య బతుకుతున్న నాకు ఆ కాసేపు ఎంతో ఊరటగా అనిపిస్తుంది.

డిసెంబరు 19న మార్షల్ లేచి వాషింగ్టన్ ఇక లేడని ప్రకటించి, ఆ తీర్మానాలు చదివాడు. దేశాధ్యక్షుడు ఆడమ్స్ దగ్గరికి సభ వెళ్లి సానుభూతి తెలపాలి. స్పీకర్ కుర్చీకి నల్లగుడ్డ కప్పాలి, సభ్యులు ఆ సమావేశాలు ముగిసేదాకా నలుపు ధరించాలి. ఆ తరువాతి తీర్మానంలో ఉంది మన వాక్యం. ఉభయ సభల సంయుక్త సంఘం ఒకటి వేయాలి, ఆ మహామనిషి స్మృతికి తగిన గౌరవం ఎలా చేయాలో అది ఆలోచించాలి అని చెబుతూ, ఆ మనిషి ఎలాంటివాడంటే, యుద్ధంలో మొదటివాడు, శాంతిలో మొదటివాడు, దేశ హృదయంలో మొదటివాడు అని. కమిటీ వేసే తీర్మానం అది. మామూలుగా అలాంటి వాక్యాలు చదివినవాడికి కూడా గుర్తుండవు. లీ మటుకు ఆ సర్కారు భాషలో పూలదండ గుచ్చి పెట్టాడు.

చివరి పదం అప్పటికింకా స్థిరపడలేదన్నది గమనించండి. ఆ తీర్మానాన్ని అచ్చువేసిన వాళ్లలో ఒకరు చివర ‘దేశం’ అని వేశారు, మరొకరు ‘సహపౌరులు’ అని వేశారు. ఇప్పుడు లోకానికి తెలిసిన ‘దేశవాసులు’ వారం తరువాత వచ్చింది.

*

ఆ వారంలో కాంగ్రెస్ ఒక సంస్మరణ సభ ఏర్పాటు చేసింది. మాట్లాడమని ఎవరిని అడగాలన్న దాని మీద పెద్ద చర్చేమీ జరగలేదు, లీనే కోరారు. డిసెంబరు 26, గురువారం. తెల్లవారుతూనే ఫిరంగులు ఉండుండి మోగడం మొదలైంది. కాంగ్రెస్ భవనం నుంచి ఊరేగింపు బయల్దేరింది. సైనికులు, సభ్యులు, ఫ్రీమేసన్లు, మధ్యలో ఖాళీ పాడె. ఇద్దరు సైనికులు కళ్లెం పట్టుకు నడిపిస్తున్న, రౌతు లేని గుర్రం. ఫిలడెల్ఫియాలో అన్నిటికన్నా ఎక్కువమంది పట్టే చోటు కావడం వల్ల, నాలుగో వీధీ చెర్రీ వీధీ కలిసే మూల ఉన్న జర్మన్ లూథరన్ చర్చిని ఎంచుకున్నారు. నాలుగు వేల మంది దాకా చేరారని చెబుతారు. అధ్యక్షుడు ఆడమ్స్ దంపతులు వచ్చారు. ఉపాధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఆ రోజు ఊళ్లో లేడు. రెండు రోజుల తరువాత ఫిలడెల్ఫియా చేరుకున్నాడు. వాషింగ్టన్‌కీ ఆయనకీ అప్పటికి మనసులు విరిగి ఉన్నాయి, అందుకే ఆ ఆలస్యం మీద అప్పుడూ ఇప్పుడూ వ్యాఖ్యానాలు నడిచాయి.

లీ ప్రసంగం ఈనాటి చెవికి బరువుగానే ఉంటుంది. ఆ కాలపు వక్తృత్వం అలాంటిది, సంబోధనల మీద సంబోధనలు, ఉపమానాల మీద ఉపమానాలు. యువకుడిగా మొనోంగహీలా నది దగ్గర వాషింగ్టన్ చూపిన ధైర్యం నుంచి మొదలుపెట్టి, బ్రాండీవైన్, జర్మన్‌టౌన్, మన్మత్ మీదుగా యార్క్‌టౌన్ దాకా తీసుకొచ్చాడు. ఒకచోట వాషింగ్టన్ రూపం తన కళ్ల ముందు నిలిచినట్టూ, ఆయనే తన జనంతో మాట్లాడుతున్నట్టూ చెప్పాడు. అన్నిటికన్నా నిలిచినది ఆ ముక్కే: యుద్ధంలో మొదటివాడు, శాంతిలో మొదటివాడు, దేశవాసుల గుండెల్లో మొదటివాడు. దాని వెంటనే ఇంకొక మాట కూడా ఉంది. ఇంటి బతుకులో, ఆప్యాయమైన చిన్న చిన్న సందర్భాల్లో కూడా ఆయన ఎవరికీ రెండోవాడు కాదు అని. మూడుసార్లు మొదటివాడన్నాక రెండోవాడు కాదనడంలో ఒక అందం ఉంది. ఆ సగం మటుకు జనం మరిచిపోయారు, మొదటి సగాన్నే ఉంచుకున్నారు.

ఆ సగమే ఎందుకు నిలిచింది? ఇంగ్లీషులో ఆ వాక్యాన్ని ఒకసారి పైకి అనుకుని చూడండి. ‘ఫస్ట్ ఇన్ వార్, ఫస్ట్ ఇన్ పీస్, అండ్ ఫస్ట్ ఇన్ ద హార్ట్స్ ఆఫ్ హిజ్ కంట్రీమెన్.’ చివరి మాట వచ్చేదాకా అన్నీ ఒక్క ఊపిరి పలుకులే. పొట్టిది, పొట్టిది, పొడుగుది. రెండు మెట్లెక్కి మూడో మెట్టు మీద వెడల్పుగా కాలు మోపినట్టుంటుంది. అర్థంలోనూ అదే ఎదుగుదల. యుద్ధం శత్రువు మీద, శాంతి రాజ్యం కోసం, మూడోది మనుషుల లోపల. తెలుగులోకి తేవడం అంత తేలిక కాదు. ఆ ‘ఫస్ట్’కి మన ‘మొదటివాడు’ సగమే అందుతుంది, వరసలో ముందున్నవాడు అన్న అర్థం ఎక్కువ వినబడుతుంది. ‘అగ్రగణ్యుడు’ అంటే గొప్పతనం వస్తుంది గాని వాక్యం పట్టుబట్ట కట్టుకుని కూర్చుంటుంది. లీ రాసింది గుర్రపు రౌతు భాష. అందుకే నేను మొదటివాడినే ఉంచుకున్నాను.

మాట నిజమా అని కూడా అడగాలి. యుద్ధం విషయానికొస్తే వాషింగ్టన్ ఓడిన పోరాటాలు తక్కువేమీ కాదు. 1776లో లాంగ్ ఐలాండ్‌లో ఓడాడు. 1777లో బ్రాండీవైన్‌లో, జర్మన్‌టౌన్‌లో ఓడాడు. ఆ చివరి రెండిటినీ లీ తన ప్రసంగంలో దాచలేదు, పేరు పెట్టి చెప్పాడు. వాషింగ్టన్ గొప్పతనం ఎనిమిదేళ్లపాటు, జీతాలు లేని, చెప్పులు లేని సైన్యాన్ని చెదిరిపోకుండా పట్టి ఉంచడంలో ఉంది. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ దగ్గర కార్న్‌వాలిస్ లొంగిపోయాడు. ఈ పేరు మనకి కొత్తది కాదు. అక్కడ ఓడిన కార్న్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు, 1792లో టిప్పు చేత సగం రాజ్యం వదిలించాడు, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చాడు. ఆ పద్ధతే పదేళ్లలోపు మన ఉత్తర సర్కారులకీ వచ్చి జమీందారీలని బిగించింది. వాషింగ్టన్ పోయిన 1799లోనే, మే 4న, శ్రీరంగపట్నం కోటలో టిప్పు నేలకొరిగాడు. మరుసటి ఏడాది నిజాం కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలని కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలు అన్న పేరు అలా పుట్టింది. ఒక ఖండంలో ఆంగ్లేయుల జెండా దిగిన తరంలోనే మన గడ్డ మీద అది ఎక్కింది.

శాంతి మాటకొస్తే, నా లెక్కలో ఆ వాక్యంలో అన్నిటికన్నా బరువైనది అదే. 1783 డిసెంబరు 23న అన్నాపొలిస్‌లో కాంగ్రెస్ ముందు నిలబడి సేనాధిపత్యపు పత్రాన్ని తిరిగి ఇచ్చేశాడు. సైన్యం చేతిలో ఉంది, జనం వెంట ఉన్నారు, కాంగ్రెస్ బొక్కసంలో చిల్లిగవ్వ లేదు. కావాలనుకుంటే రాజయ్యేవాడు. ఇంటికి వెళ్లిపోయాడు. 1797లో మళ్లీ అదే పని చేశాడు. రెండుసార్లు అధికారాన్ని చేతులారా దింపినవాడు శాంతిలో మొదటివాడే.

దేశవాసుల గుండెల్లో అన్న మాట దగ్గరే నేను ఆగిపోతాను. దేశవాసులంటే ఎవరు? 1799లో మౌంట్ వెర్నాన్‌లో 317 మంది బానిసలు ఉన్నారు. వాళ్లలో 123 మంది వాషింగ్టన్ సొంతం. మార్తా చనిపోయాక వాళ్లందరికీ విడుదల అని ఆయన వీలునామాలో రాశాడు. యుద్ధమంతా తన వెంట నడిచిన విలియం లీకి మటుకు వెంటనే స్వేచ్ఛ, ఏడాదికి 30 డాలర్ల భరణం. మార్తా తన చావుదాకా ఆగకుండా 1801 జనవరి 1న మిగిలినవాళ్లందరినీ వదిలిపెట్టింది. కాని ఆమె మొదటి భర్త ఆస్తి కింద వచ్చిన 153 మందిని విడిపించే హక్కు చట్టప్రకారం ఈ దంపతులిద్దరికీ లేదు. 1802లో ఆమె పోయాక వాళ్లని మనవలు పంచుకున్నారు. మంచం పక్కన పొద్దుటి నుంచీ నిలబడ్డ క్రిస్టఫర్ షీల్స్ ఆ 153 మందిలో ఒకడు. కూర్చోమని సైగ చేసిన చెయ్యి అతనికి స్వేచ్ఛ ఇవ్వలేకపోయింది. ఆ చర్చిలో నాలుగు వేల మంది విన్న ‘దేశవాసులు’ అన్న మాటలో క్రిస్టఫర్ లేడు. వాషింగ్టన్‌ని ప్రేమించేవాళ్లు, నేనూ వాళ్లలో ఒకణ్ణే, ఈ సంగతిని దాటవేయకూడదు.

*

ప్రసంగం అచ్చయింది. తరువాతి రెండు నెలల్లో, 1800 ఫిబ్రవరి 22న జాతీయ సంతాప దినం దాకా, ఊరూరా వందల కొద్దీ ప్రసంగాలు జరిగాయి. ఫ్రాన్స్‌లో నెపోలియన్ పది రోజులు సైనిక పతాకాలకి నల్లగుడ్డ కట్టించాడు. అన్ని వందల ప్రసంగాల్లోంచి ఇవాళ మిగిలింది ఒక్క వాక్యం.

కాని దాని రచయిత పేరు ఆ వాక్యాన్ని విడిచి దూరం జరగడం మొదలైంది. సభా కార్యక్రమాల్లో తీర్మానం పెట్టినవాడు మార్షల్ అని ఉంది. మార్షల్ 1801లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు, దేశంలో ఆయన మాటకున్న బరువు ఇంకెవరి మాటకీ లేదు. ఆయన 1804 నుంచి 1807 దాకా వాషింగ్టన్ జీవిత చరిత్రని అయిదు సంపుటాల్లో వెలువరించాడు. ఆ మాట తనదేనని జనం అనుకుంటే అనుకోనివ్వొచ్చు, అడిగేవాడు లేడు. మార్షల్ అలా చేయలేదు. ఆ తీర్మానాలు రాసింది జనరల్ లీ అని, ఆయన ఆ సమయానికి సభలో లేడని, పుస్తకంలో అడుగున గమనికగా వేశాడు. పాతికేళ్లు గడిచాక 1832లో ఉత్తరంలో మళ్లీ వివరంగా చెప్పాడు. అప్పటికి లీ చనిపోయి 14 ఏళ్లు. తన గౌరవాన్ని తానే తగ్గించుకుని చనిపోయిన మిత్రుడికి అప్పగించిన ఆ అడుగు గమనిక, ఆ వాక్యంతో సమానమైన నివాళి అని నేనంటాను.

లీకి ఆ గౌరవం అవసరమైన రోజులే వచ్చాయి. యుద్ధంలో ఎంత చురుకో డబ్బు దగ్గర అంత అజాగ్రత్త. ఎక్కడ భూమి కనబడితే అక్కడ కొన్నాడు, ధర పెరుగుతుందని. 1795లో వాషింగ్టన్ దగ్గరే డిస్మల్ స్వాంప్ భూముల వాటా 20 వేల డాలర్లకి కొని, డబ్బు పూర్తిగా కట్టలేకపోయాడు. 1809లో అప్పులవాళ్లు జైల్లో వేయించారు. ఏడాది పాటు ఆ గదిలో కూర్చుని యుద్ధ జ్ఞాపకాలు రాశాడు. 1812లో ఆ పుస్తకం వెలువడింది. అదే ఏడాది జూలైలో బాల్టిమోర్‌లో, బ్రిటన్‌తో యుద్ధాన్ని వ్యతిరేకించిన ఒక పత్రిక సంపాదకుడికి అండగా నిలబడినందుకు అల్లరిమూక, రక్షణ కోసం ఆయన్ని ఉంచిన జైలు తలుపులు పగలగొట్టి చావబాదింది. చనిపోయాడని వదిలేశారు. కళ్లలో వేడి మైనం పోశారు, ముఖం మీద కత్తితో కోశారు. బతికాడు గాని ఒళ్లు మళ్లీ కోలుకోలేదు. 1813లో భార్యాబిడ్డలని వదిలి వెస్టిండీస్ దీవులకి వెళ్లిపోయాడు. అయిదేళ్ల తరువాత ఇంటికి బయల్దేరి, దారిలో జబ్బు ముదిరి, జార్జియా తీరంలోని కంబర్లాండ్ దీవిలో దిగాడు. అక్కడ ఉన్నది తన పాత సేనాని నథానియల్ గ్రీన్ కూతురి ఇల్లు. 1818 మార్చి 25న ఆ ఇంట్లోనే పోయాడు. ఆ దీవిలోనే పూడ్చారు.

వదిలి వెళ్లేనాటికి ఆరేళ్లున్న చిన్న కొడుకు పేరు రాబర్ట్. అతను పెరిగి వాషింగ్టన్ పెంపుడు మనవడి కూతుర్ని పెళ్లాడాడు. తరువాత వాషింగ్టన్ నిలబెట్టిన దేశం నుంచి విడిపోవాలన్న దక్షిణాది రాష్ట్రాల సైన్యానికి నాయకుడై నాలుగేళ్లు పోరాడి ఓడిపోయాడు. తండ్రి సమాధిని మొదటిసారి చూసింది ఆ యుద్ధం మధ్యలో, 1862లో. యుద్ధం ముగిశాక 1869లో తండ్రి జ్ఞాపకాల పుస్తకాన్ని తానే ముందు జీవిత చరిత్ర రాసి మళ్లీ అచ్చు వేయించాడు. ఆ జీవిత చరిత్రలో కూడా వాక్యం చివరి పదం ఒకచోట ‘సహపౌరులు’ అనీ, మరోచోట ‘దేశవాసులు’ అనీ రెండు రకాలుగా ఉంది. జనం ‘దేశవాసులు’నే ఖాయం చేసుకున్నారు.

1913లో హెన్రీ లీ అస్థికలని కంబర్లాండ్ దీవి నుంచి తవ్వి తీసి వర్జీనియాలోని లెక్సింగ్టన్‌కి తెచ్చారు. అక్కడి విశ్వవిద్యాలయపు ప్రార్థన మందిరంలో కొడుకు దగ్గర పెట్టారు. ఆ విద్యాలయం పేరు ‘వాషింగ్టన్ అండ్ లీ’. ఆ పేరులోని లీ కొడుకు రాబర్ట్, తండ్రి హెన్రీ కాదు.

(సశేషం)